తీర్పులు సరే, తారీఖుల మాటేమిటి?

మా అక్క కూతురు ఈ ఏడాది యూరప్ వెళ్తోంది, ఐపీ లాలో, అంటే మేధో సంపత్తి చట్టంలో, ఎల్ఎల్ఎం చెయ్యడానికి. మొన్న రాత్రి ఎలక్టివ్‌ల జాబితా వాట్సాప్‌లో పంపింది. తనకి నచ్చినవాటికి టిక్కులు పెట్టి, "పిన్నీ, ఒకసారి చూసి చెప్పవా" అంది. టిక్కు పడినవి డిజిటల్ కాపీరైట్, కృత్రిమ మేధ, ఫ్యాషన్, సంగీతం. పడనివి పేటెంట్ల మీద అభ్యంతరాల విచారణ, మందుల పేటెంట్ల పొడిగింపు, భౌగోళిక గుర్తింపులు (ఒక ఊరి పేరుతో పేరొందిన సరుకుకి ఇచ్చే రక్షణ), కస్టమ్స్. పడనివాటిలోంచే ఎక్కువ తీసుకోమన్నాను. "అవన్నీ గుమాస్తా పనిలా ఉన్నాయి కదా పిన్నీ" అని మొహం మాడ్చుకుంది.

గుమాస్తా పనే, కాదనను. మన దగ్గర్నించి యూరప్ ఐపీ చట్టం చదవడానికి వెళ్ళేవాళ్ళకి ఆ చదువులో గిట్టుబాటయ్యేది ఆ పనేనని నా వాదన. తీర్పులన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటి మీద వ్యాఖ్యానాలూ దొరుకుతున్నాయి. లక్షలు అప్పు చేసి అంత దూరం వెళ్ళాక నేర్చుకుని రావాల్సింది ఇది: ఒక కాగితం ఎప్పుడు సాక్ష్యం అవుతుంది, దాన్ని ఎవరి ముందు పెట్టాలి, ఎన్ని నెలల్లోపు పెట్టాలి, అవతలి లాయరు దాన్ని ఎక్కడ పట్టుకుని చింపుతాడు. యూనివర్సిటీలు దీన్ని చివరి వారానికి నెట్టేస్తాయి. అందుకు వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. వాటి దగ్గరికీ వస్తాను.

## చీజ్, సైకిలు, ఒక స్కూలు ప్రాజెక్టు

ఐపీ లా క్లాసు సరదాగా ఉంటుంది, అందులో అబద్ధం లేదు. చీజ్ రుచికి కాపీరైట్ ఉంటుందా? ఉండదని లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానం 2018లో చెప్పింది. తినేవాడి నాలుకను బట్టి మారేదాన్ని ఇదీ అని కచ్చితంగా గుర్తించలేమంది. మడతపెట్టే సైకిలు ఆకారానికి ఉంటుందా? ఆ ఆకారం కేవలం పని జరగడం కోసం ఏర్పడింది కాకపోతే ఉండొచ్చని 2020లో అంది. క్రాఫ్ట్‌వర్క్ బృందం రికార్డులోంచి 2 సెకన్ల డ్రమ్ ముక్క తీసుకుని ఇంకో పాటలో తిప్పి తిప్పి వాడితే? ఆ తగాదా జర్మనీ కోర్టుల్లో 1999లో మొదలైంది, 2019లో లక్సెంబర్గ్ వెళ్ళి జవాబు తెచ్చుకుంది, 2023లో మళ్ళీ ఇంకో ప్రశ్నతో అక్కడికే వెళ్ళింది. విద్యార్థికి ఇంతకన్నా ఏం కావాలి?

నేను యూరప్‌లో చదివినప్పుడు మా సెమినార్‌లో అందరికన్నా ఎక్కువ అరుచుకున్నది స్కూలు ఫోటో కేసు మీద. జర్మనీలో వాల్‌ట్రోప్ అనే ఊళ్ళో విద్యార్థి ఒకరు స్పానిష్ క్లాసు ప్రాజెక్టు కోసం కోర్డోబా నగరం ఫోటో ఒక ప్రయాణాల వెబ్‌సైట్‌లోంచి దించుకున్నారు. కింద ఆ సైటు పేరు కూడా వేశారు. ఆ ప్రాజెక్టు స్కూలు వెబ్‌సైట్‌లోకి ఎక్కింది. ఫోటోగ్రాఫర్ కేసు వేశాడు: ఫోటో తీసెయ్యాలి, 400 యూరోలు పరిహారం ఇవ్వాలి. ఆ కేసు జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు దాకా పోయి, అక్కణ్ణించి లక్సెంబర్గ్ చేరి, 2018 ఆగస్టులో తేలింది. ఫోటో ఒకచోట అందరికీ ఊరికే కనిపిస్తున్నా, దాన్ని దించి ఇంకో సైట్‌లో పెడితే కొత్త జనానికి చూపించినట్టే, అనుమతి తీసుకోవాల్సిందే అన్నారు. అదే లింకు ఇచ్చి ఉంటే గొడవే లేదు.

జిరాక్స్ పుస్తకాలు స్పైరల్ బైండింగ్ చేయించుకుని డిగ్రీ గట్టెక్కినదాన్ని నేను. ఢిల్లీ యూనివర్సిటీ పక్కనున్న జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రచురణ సంస్థలు కేసు వేస్తే, పాఠం చెప్పడానికి అవసరమైనంత మేర కాపీలు తియ్యడం తప్పు కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు అన్న సంగతి ఆ క్లాసులో చెప్పాను. పక్క సీటు ఇటలీ అమ్మాయి నమ్మలేదు. తీర్పు ఫోన్‌లో తీసి చూపించాల్సి వచ్చింది. అక్కడ బోధన కోసం మినహాయింపు ఒక్కో దేశంలో ఒక్కో కొలతలో ఉంటుంది, చాలాచోట్ల దానికి డబ్బు కూడా కట్టాలి.

అంతా బాగుంది. కానీ ఆ గంటన్నరలో 400 యూరోల తగాదాని లక్సెంబర్గ్ దాకా నడిపించడానికి ఎంత ఖర్చయి ఉంటుందని ఎవరూ అడగలేదు. అవతలి పక్షం ఒక జర్మన్ రాష్ట్ర ప్రభుత్వం కాకపోయి ఉంటే అది అంతదూరం వెళ్ళేదా అని కూడా అడగలేదు. అడగకపోవడానికి కారణం చదువు పద్ధతిలోనే ఉంది. యూరప్ న్యాయస్థానం సాధారణంగా తగాదా తేల్చదు. దేశంలోని కోర్టు పంపిన ప్రశ్నకి జవాబు రాసి తిప్పి పంపుతుంది. ఆ ప్రశ్న లక్సెంబర్గ్ చేరేసరికి సాక్షులు, రసీదులు, తారీఖులు అన్నీ ఇంకిపోయి నాలుగు పేరాల సారాంశం మిగులుతుంది. పాఠ్యపుస్తకం ఆ నాలుగు పేరాలని రెండు వాక్యాలు చేస్తుంది. పరీక్షలో మనం ఆ రెండు వాక్యాలు కూడా రాయం, 'సూత్రం' రాస్తాం. మార్కులు వస్తాయి.

## వేపనూనె కేసు ఎలా గెలిచాం

వేప పేటెంట్ కథ మనవాళ్ళందరికీ తెలుసు కాబట్టి మొదట్నించి చెప్పను. నాకు పట్టుకున్నది అందులో ఒక ముక్క.

అమెరికా వ్యవసాయ శాఖకీ, డబ్ల్యూ.ఆర్.గ్రేస్ కంపెనీకీ మ్యూనిక్‌లోని యూరోపియన్ పేటెంట్ కార్యాలయం 1994లో పేటెంట్ ఇచ్చింది, వేప గింజల నూనెతో మొక్కలకి బూజు తెగుళ్ళు పట్టకుండా చేసే పద్ధతి మీద. 1995లో అభ్యంతరం పెట్టినవాళ్ళు మన పర్యావరణ కార్యకర్త వందనా శివ, యూరప్ పార్లమెంటులోని గ్రీన్ పార్టీ తరఫున మాగ్దా ఆల్వోట్, సేంద్రియ వ్యవసాయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య. మన ప్రభుత్వం పెట్టిందని చాలామంది రాస్తుంటారు, కాదు. బయట నినాదమంతా 'మా తాతల జ్ఞానాన్ని దొంగిలించారు' అని. న్యాయమైన కోపమే. కానీ 2000 మే నెలలో ఆ పేటెంట్ కూలింది ఆ నినాదం మీద కాదు. ఒక భారతీయ ఫ్యాక్టరీ మేనేజర్, పేటెంట్‌లో రాసినదానికి చాలా దగ్గరి పద్ధతిని తమ కంపెనీ ఏళ్ళ ముందు నుంచే వాడుతోందని వాంగ్మూలం ఇచ్చాడు. కేసుని తిప్పింది అది. గ్రేస్ వాళ్ళు అప్పీలుకి వెళ్ళారు. 2005 మార్చి 8న అదీ కొట్టేశారు.

మా క్లాసులో ఈ కేసుకి ఒక్క స్లైడు. శీర్షిక 'సంప్రదాయ జ్ఞానం'. జీవవైవిధ్య ఒప్పందం, నగోయా ప్రోటోకాల్, ప్రపంచ వాణిజ్య సంస్థ మేధో సంపత్తి ఒప్పందం ట్రిప్స్‌లో 27వ అధికరణం, ఆ తర్వాత చాలా సానుభూతి. ప్రొఫెసర్ నిజంగానే మంచివాడు, మనవైపు మాట్లాడాడు. కానీ ఆ మేనేజర్ ఊసు లేదు. ఆయన ఏం చెప్పాడు, ఏ సంవత్సరం సంగతి చెప్పాడు, అవతలివాళ్ళు ఆయన్ని ఏమని ఎదురు ప్రశ్నించారు? రేపు ఇలాంటిదే ఇంకోటి వస్తే మన చేతిలో ఏం ఉండాలో తెలియాలంటే అదే కదా కావలసింది. సానుభూతి విని బయటికొచ్చి కాఫీ తాగాం.

తర్వాత నేను పేటెంట్ అభ్యంతరాల విచారణ ఒకటి పనిగట్టుకుని చూశాను. అవి బహిరంగ విచారణలు. ఇప్పుడు ఎక్కువగా వీడియోలో జరుగుతాయి, ముందుగా అడిగితే ఎవరైనా కూర్చుని చూడొచ్చు. నేను చూసింది ప్యాకింగ్ యంత్రం మీద. ముగ్గురు అధికారులు, రెండు వైపులా పేటెంట్ ఏజెంట్లు, మధ్యలో ఒక బ్రోషర్. ఆ యంత్రం బొమ్మ పేటెంట్ దరఖాస్తుకి ముందే మా బ్రోషర్‌లో ఉందని అభ్యంతరం పెట్టినవాళ్ళ మాట. బ్రోషర్ చివరి పేజీ అడుగున చిన్న అక్షరాలతో నెల, సంవత్సరం ఉన్నాయి. ఇంక చాలు కదా అనుకున్నాను నేను. అవతలి ఏజెంటు మొదలుపెట్టాడు. అది అచ్చేసిన తారీఖా, పంచిన తారీఖా? ఎగ్జిబిషన్‌లో పంచామంటున్నారు, ఏ స్టాల్? టేబుల్ మీద పెట్టారా, అడిగినవాళ్ళకే ఇచ్చారా? తీసుకున్నవాళ్ళలో ఒక్కరి పేరు చెప్పగలరా? రహస్యంగా ఉంచమని ఎవరి దగ్గరైనా సంతకం తీసుకున్నారా? సేల్స్ మేనేజర్ పాపం తడబడ్డాడు, ఏళ్ళ నాటి సంగతి. చివరికి ఆ బ్రోషర్‌ని లెక్కలోకి తీసుకోలేదు. ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఎవరికి అనే అయిదింటికీ జవాబు ఉండాలి. సాక్ష్యమంతా నీ చేతిలోనే ఉన్న విషయమైతే ఇంకా గట్టిగా నిరూపించాలి.

ఆ రోజు నేర్చుకున్నది ఉద్యోగంలో రోజూ పనికొచ్చింది. హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక మందుల కంపెనీ పేటెంట్ విభాగంలో చేరాను. జీడిమెట్ల గోడౌన్‌లో పాత డెలివరీ చలాన్ల కట్టలు తుక్కుకి వేస్తుంటే ఆపించిన మనిషిని నేనే. అందరూ నవ్వారు. చలాన్ మీద సరుకు పేరు, బ్యాచ్ నంబరు, తారీఖు, తీసుకున్నవాడి సంతకం ఉంటాయి. పైన చెప్పిన అయిదింటిలో నాలుగు అక్కడే ఉన్నాయి.

## ప్రొఫెసర్ గారి జవాబు

ఈ సంగతంతా ఒకసారి మా ప్రొఫెసర్‌తో అన్నాను. ఆయన తొణక్కుండా "యూనివర్సిటీ అంటే ఫారాలు నింపడం నేర్పే చోటు కాదు, అది ఆఫీసులో ఆరు నెలల్లో వస్తుంది. ఫారం అలా ఎందుకుందో ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఎవరూ చెప్పరు" అన్నాడు.

ఆ మాట నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే వేప కేసే ఆయనవైపు సాక్ష్యం చెబుతుంది. యూరప్ పేటెంట్ ఒప్పందం 54వ అధికరణం ప్రకారం, దరఖాస్తు తారీఖుకి ముందు ప్రపంచంలో ఎక్కడైనా సరే, రాతలోగానీ మాటలోగానీ వాడుకలోగానీ జనానికి అందుబాటులోకి వచ్చినదేదైనా పాతదే. అందుకే మన మేనేజర్ మాటకి విలువ వచ్చింది. అమెరికాలో అప్పటి చట్టం వేరు. పరాయి దేశంలో వాడుకలో ఉన్నా, అచ్చులో లేకపోతే లెక్కలోకి రాదు. 2013 మార్చిలో కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా అదే పద్ధతి. పసుపు పేటెంట్‌ని 1997లో అమెరికాలో రద్దు చేయించడానికి మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళు పాత గ్రంథాలూ, అచ్చయిన వ్యాసాలూ వెతికి పెట్టింది అందుకే. అదే మేనేజర్ అదే వాంగ్మూలం వాషింగ్టన్‌లో ఇచ్చి ఉంటే ఎవరూ చెవిన పెట్టేవారు కాదు. అంటే ఏ కాగితం సాక్ష్యమో, ఏది చిత్తు కాగితమో తేల్చేది సిద్ధాంతమే. ఈ ముక్క మీద ఆయనకి నా దగ్గర ఎదురు జవాబు లేదు.

అయితే ఆయన వాదనలో నాకు ఒప్పని ముక్క ఒకటుంది, 'ఆఫీసులో ఆరు నెలల్లో వస్తుంది' అన్నది. ఏ ఆఫీసులో? మ్యూనిక్‌లో పేటెంట్ ఏజెంట్ల ఆఫీసులో చేరే జర్మన్ కుర్రాడికి వస్తుంది. మన లా గ్రాడ్యుయేట్‌కి ఆ ఆఫీసు తలుపే తెరుచుకోదు. యూరోపియన్ పేటెంట్ ఏజెంటు కావాలంటే సైన్సు లేదా ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి, అక్కడి ఏజెంటు దగ్గర మూడేళ్ళు శిక్షణ పొందాలి, తర్వాత పరీక్ష. బీఏ ఎల్ఎల్‌బీ చేసి వెళ్ళినవాళ్ళు ఎంత చురుకైనవాళ్ళైనా ఆ దారి లేదు. ఎక్కువమంది తిరిగొచ్చి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో యూరప్ చట్టంతో బయట నుంచి తలపడతారు. అలాంటివాళ్ళకి ఆ క్లాసురూమే ఆఖరి అవకాశం. ఆయన క్లాసులో ముప్పావు వంతు యూరప్ బయటివాళ్ళమే ఉన్నప్పుడు ఇది ఆయనకి తట్టకపోవడం నాకు ఆశ్చర్యం.

## నెదర్లాండ్స్‌లో ఆగిన మన సరుకు

కస్టమ్స్ చట్టం మాకు పరీక్షలకి ముందు వారం ఒక్క పూట చెప్పారు. సగం మంది రాలేదు. వచ్చినవాళ్ళకి ఆ పూట చెప్పినదాంట్లో హైదరాబాద్ పేరు వినపడింది.

2008 డిసెంబరులో డాక్టర్ రెడ్డీస్ వాళ్ళు బ్రెజిల్ పంపిన లోసార్టాన్ ముడిమందు, 570 కిలోలు, నెదర్లాండ్స్ మీదుగా వెళ్తుంటే అక్కడి కస్టమ్స్ పట్టుకుంది. బీపీ మందు అది, మన ఇళ్ళల్లో చాలామంది వేసుకునేదే. ఇండియాలో ఆ మందుకి పేటెంట్ అడ్డు లేదు. బ్రెజిల్‌లోనూ లేదు. మధ్యలో దిగిన దేశంలో ఉంది. నెలకి పైగా ఆపి ఉంచి, చివరికి ఇండియాకే తిప్పి పంపారు. అప్పట్లో డచ్ కోర్టులు ఒక ఊహని నమ్మేవి: తమ దేశం గుండా పోతున్న సరుకు తమ దేశంలోనే తయారైనట్టు అనుకుని చూడాలని. అనుకుంటే చాలు, పేటెంట్ ఉల్లంఘన అయిపోతుంది. ఎంత తేలికో చూడండి.

ఇండియా, బ్రెజిల్ 2010లో ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్ళాయి. 2011 డిసెంబరు 1న యూరప్ న్యాయస్థానం వేరే కేసుల్లో, చైనా షేవర్లు, హాంకాంగ్ నుంచి కొలంబియా వెళ్తున్న ఫోన్ల కేసుల్లో, ఆ ఊహని పక్కన పెట్టింది. సరుకు యూరప్‌లోనే అమ్మడానికి మళ్ళుతుందని అనుమానించడానికి ఆధారం ఉంటే తప్ప ఊరికే దాటిపోయేదాన్ని నకిలీ అనలేం అంది. ఆ ఆధారాలు ఎలాంటివో కూడా చెప్పింది: గమ్యం రాయకపోవడం, పంపేవాడెవరో తెలియకపోవడం, కస్టమ్స్‌కి సహకరించకపోవడం, సరుకు యూరప్‌లోకే మళ్ళుతుందని సూచించే కాగితాలు దొరకడం. అంటే మళ్ళీ ఇన్వాయిస్, ఎయిర్‌వే బిల్లు, తారీఖు. ఎగుమతి విభాగంలో ఆ కాగితాలు నింపే కుర్రాడికి ఈ తీర్పు సంగతి తెలియదు. తీర్పు చదివిన లాయరుకి ఆ కుర్రాడు ఏ కాలమ్ ఖాళీగా వదిలేస్తాడో తెలియదు. 2015లో ట్రేడ్‌మార్కుల విషయంలో చట్టం మళ్ళీ బిగిసిందన్నది ఇంకో తలనొప్పి.

మందుల పేటెంట్ల పొడిగింపు కూడా ఇలాంటిదే, కాబట్టి తొందరగా చెప్పేస్తా. పేటెంట్ 20 ఏళ్ళంటాం. యూరప్‌లో మందుకి దాని మీద గరిష్ఠంగా 5 ఏళ్ళు అదనపు రక్షణ పత్రం ఉంటుంది, పిల్లల కోసం పరీక్షలు చేసి చూపిస్తే ఇంకో 6 నెలలు. ఈ పత్రాన్ని దేశదేశానికీ విడిగా ఇస్తారు. ఒక దేశంలో ఉంటుంది, పక్క దేశంలో రద్దయి ఉంటుంది, ఇంకోచోట దరఖాస్తే పెట్టి ఉండరు. ఒక్కో మందుకి ఒక్కో ఎక్సెల్ షీటు, అందులో దేశానికో వరస. 2019లో నియమం మార్చి, యూరప్‌లో ఫ్యాక్టరీ ఉన్నవాళ్ళు ఈ పత్రం గడువులోనే ఎగుమతి కోసం తయారు చేసుకోవచ్చన్నారు. చివరి 6 నెలల్లో ముందుగా నిల్వ కూడా చేసుకోవచ్చు. అంతకుముందు ఆ వెసులుబాటు మన పాశమైలారం లాంటి చోట్ల ఉన్న ఫ్యాక్టరీలకే ఉండేది. మన కడుపు మీద పడే ఇలాంటి మార్పు గురించి కాపీరైట్ సెమినార్‌లో వినపడదు.

## గ్రాఫ్ కాగితాల పుస్తకం

ఫ్యాషన్ పేపరుకి మా అక్క కూతురు పెట్టిన టిక్కు తీసెయ్యమని నేను అనలేదు. అది ఉంచుకోమన్నాను, కానీ చదివే కన్ను మార్చుకోమన్నాను.

యూరప్‌లో డిజైను నమోదు చేసే కార్యాలయం స్పెయిన్‌లో అలికాంతెలో ఉంది. అక్కడ దరఖాస్తు పెడితే ఆ డిజైను నిజంగా కొత్తదేనా అని వాళ్ళు వెతికి చూడరు. నమోదు చేసేస్తారు. అయిదేళ్ళ చొప్పున 25 ఏళ్ళ దాకా పొడిగించుకోవచ్చు. రేపు ఎవరైనా పోచంపల్లి చీరలోని ఒక నమూనాని దుప్పటి మీదికి ఎక్కించి నమోదు చేసుకుంటే, అది పాతదని నిరూపించి రద్దు చేయించాల్సిన భారం మనది. నిరూపించడమంటే ఆ నమూనా ఆ తారీఖుకి ముందే బయటికి వచ్చిందని చూపాలి. అది మామూలుగా యూరప్‌లోని ఆ రంగం వాళ్ళకి తెలిసే అవకాశమే లేదని అవతలివాళ్ళు ఎదురు వాదిస్తారు, దాన్నీ తట్టుకోవాలి.

భూదాన్ పోచంపల్లిలో ఒక పెద్దాయన ఇంట్లో నమూనాల పుస్తకం చూశాను. గ్రాఫ్ కాగితాల మీద గడి గడికీ రంగు పెన్సిల్‌తో నింపిన డిజైన్లు. దారానికి ఎక్కడ ముడి కట్టాలో, ఎక్కడ రంగు తగలాలో ఆ గడులే చెబుతాయి. అంచులు నలిగి, చమురు మరకలు పడి, ఒక పేజీకి సెల్లో టేపు వేసి ఉంది. "ఇవి ఎప్పటివి తాతా?" అన్నాను. "మా నాయిన గీసినయి బిడ్డా" అన్నాడు. తారీఖు ఒక్క పేజీ మీద లేదు. ఎందుకుంటుంది? తన ఇంట్లో తన తండ్రి గీసినదానికి ఎవడు తారీఖు వేస్తాడు? ఆయన జవాబు నిండు జవాబే. అలికాంతెలో మాత్రం చెల్లదు. అక్కడ చెల్లేది వేరే ఉంది: ఏదో ఎగ్జిబిషన్ కేటలాగ్, ఎగుమతి ఇన్వాయిస్‌కి పిన్ను కొట్టిన ఫోటో, ఆప్కో పాత కరపత్రం.

ఇక్కడే నా వాదనకి అసలైన దెబ్బ తగులుతుంది. నాతో పనిచేసే ఒకావిడ ఈ మాటే అంది. "నువ్వు చెప్పేదాని ప్రకారం తాతల నాటి నుంచి వాడుతున్నవాడు తన సొంత సొమ్ము తనదే అని రసీదు చూపించాలి, నిన్న వచ్చినవాడు మూడు వందల చిల్లర యూరోలు కట్టి నమోదు చేసుకుంటే చాలు. ఈ పద్ధతే తప్పు. నువ్వు దాన్ని బాగా ఆడడం ఎలాగో నేర్చుకోమంటున్నావు." ఆవిడతో నేను వాదించలేదు, ఇప్పటికీ వాదించను. వేప కేసు గెలిచామని పండగ చేసుకుంటాం గానీ, అభ్యంతరం నుంచి ఆఖరి తీర్పుకి పదేళ్ళు పట్టింది. పేటెంట్ ఇచ్చే ముందు కార్యాలయం సరిగ్గా వెతికి ఉంటే అసలు అవసరమే లేదు. సీఎస్ఐఆర్ వాళ్ళు ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని మందుల తయారీ పద్ధతులని అయిదు అంతర్జాతీయ భాషల్లోకి ఎక్కించి డిజిటల్ గ్రంథాలయం కట్టి, 2009లో మ్యూనిక్ పరీక్షాధికారులకి దారి తెరిచాక ఆ పరిస్థితి కొంత మారింది. అదీ పుస్తకాల్లోకి ఎక్కినదానికే. గ్రాఫ్ కాగితాల మీద ఉన్నదానికి ఏ గ్రంథాలయం లేదు.

పద్ధతి మారాలని కోరుకోవడం, ఉన్న పద్ధతిలో ఓడిపోకుండా ఉండడం, ఈ రెండూ ఒకే మనిషి చెయ్యొచ్చని నాకనిపిస్తుంది. ఆవిడకి అనిపించదు. అలా ఒప్పుకున్నకొద్దీ పద్ధతి ఇంకా గట్టిపడుతుందంటుంది. కావచ్చు.

చేతిపనుల మీద యూరప్ తెచ్చిన కొత్త నియమం 2025 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు చీజ్, వైన్ లాంటివాటికి మాత్రమే యూరప్ అంతటికీ చెల్లే భౌగోళిక గుర్తింపు ఉండేది, ఇప్పుడు బట్టకీ బొమ్మకీ కూడా దొరుకుతుంది. బయటి దేశాలవాళ్ళూ దరఖాస్తు పెట్టొచ్చు. పోచంపల్లి ఇక్కత్‌కి మన దేశంలో గుర్తింపు ఎప్పుడో ఉంది కాబట్టి మొదటి మెట్టు ఎక్కినట్టే. మిగతా మెట్లు కాగితాలే: ఎలా తయారవుతుంది, ఏ ఊళ్ళల్లో, ఆ ఊళ్ళకీ ఈ బట్టకీ ఏమిటి సంబంధం, నియమం తప్పకుండా చేస్తున్నారని ఎవరు చూస్తారు. పవర్‌లూమ్ మీద అచ్చు గుద్దిన నకిలీలు బజార్లో పక్కపక్కనే అమ్ముడవుతున్నప్పుడు ఆఖరి ప్రశ్నకి జవాబు రాయడం మహా కష్టం. ఎల్ఎల్ఎం థీసిస్ ఎవరైనా దీని మీద రాస్తే చదవాలని ఉంది. నేను చూసిన థీసిస్‌లలో సగం కృత్రిమ మేధకి కాపీరైట్ ఇవ్వాలా వద్దా అన్నదాని మీదే.

## మార్కులు ఎలా వెయ్యాలి

ఊరికే తప్పులు పట్టకుండా ఒక పని చెబుతాను. మ్యూనిక్ పేటెంట్ కార్యాలయంలో అభ్యంతరం పెట్టాలంటే పేటెంట్ ఇచ్చిన 9 నెలల్లోపు ఫీజు కట్టి పెట్టాలి. కానీ దానికి ముందే ఇంకో తలుపు ఉంది, 115వ అధికరణం. దరఖాస్తు ప్రచురించాక, ఇంకా పరిశీలనలో ఉండగా, ప్రపంచంలో ఎవరైనా సరే 'ఇది కొత్తది కాదు, ఇదిగో ఆధారం' అని ఆన్‌లైన్‌లో పంపొచ్చు. ఫీజు లేదు. ఏజెంటు అక్కర్లేదు. వాదన ఇంగ్లీషులో రాయొచ్చు. ఆధారం ఏ భాషలో ఉన్నా పెట్టొచ్చు, తెలుగులో ఉన్నా సరే, అడిగితే అనువాదం ఇవ్వాలి అంతే. మన రైతుల మాసపత్రికల పాత సంచికలు గ్రంథాలయాల్లో మూలుగుతున్నాయి. ఏ కషాయం ఏ పురుగుకి, ఎంత నీళ్ళలో ఎంత కలపాలి అని నెల, సంవత్సరంతో సహా అచ్చయి ఉన్నాయి. గ్రంథాలయం ముద్ర కూడా ఉంటుంది. ఇంతకన్నా నికార్సైన సాక్ష్యం మ్యూనిక్‌లో కూర్చున్న పరీక్షాధికారికి ఇంకేం కావాలి? ఆయనకి తెలుగు రాదు కాబట్టి ఎప్పటికీ దొరకదు, మనం పంపితే తప్ప.

ఇక్కడి లా కాలేజీ ఒకదానికి వెళ్ళి, ఐపీ పేపరులో దీన్నే ప్రాక్టికల్‌గా పెట్టమని అడిగాను. ఒక్కో విద్యార్థి ఒక్కో దరఖాస్తు ఎంచుకుని, గ్రంథాలయంలో వెతికి, తారీఖున్న ఆధారం పట్టుకుని పంపాలి. హెచ్‌ఓడీ గారు శ్రద్ధగా విని, "బానే ఉంది మేడమ్, కానీ మార్కులెలా వెయ్యాలి? సిలబస్‌లో లేదు కదా" అన్నారు. నేను చెప్పాను: పంపిన కాగితం కార్యాలయం రిజిస్టర్‌లో అందరికీ కనిపిస్తుంది. పేరు పెట్టి, కారణాలు రాసి పంపితే వీలైనంతవరకు 3 నెలల్లో పట్టించుకుంటామని వాళ్ళే అంటారు. పరీక్షాధికారి తర్వాతి ఉత్తరంలో మీ విద్యార్థి పెట్టిన ఆధారాన్ని ఎత్తి చూపిస్తే పూర్తి మార్కులు. ఎందుకు పనికిరాదో రాస్తే, ఆ కారణం చదివి లోపం ఎక్కడుందో రెండు పేజీలు రాసినవాళ్ళకి ముప్పావు. అసలు పట్టించుకోకపోతే సగం. ఆయన డైరీలో రాసుకున్నారు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగ్ ఎప్పుడో కనుక్కుని చెబుతానన్నారు.